ఒడ్డున ఉన్నవాడి మాట
(మల్లంపల్లి సోమశేఖర శర్మ స్మారకోపన్యాసం)

వెనక వరసల్లో విద్యార్థులు చాలామంది కనిపిస్తున్నారు. ఈ ఉపన్యాసం ముఖ్యంగా వాళ్ల కోసమే తయారు చేసుకున్నాను.

మల్లంపల్లి సోమశేఖర శర్మ గారు 1891లో పుట్టి 1963లో కన్నుమూశారు. విశ్వవిద్యాలయ పట్టా లేకుండానే ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చరిత్ర బోధించారు. కొమర్రాజు లక్ష్మణరావు గారి విజ్ఞాన సర్వస్వం పనిలో చేరి, అక్కడ పదునుపెట్టుకున్న బుద్ధితో జీవితమంతా శాసనాలు చదివారు. ఇంగ్లీషులో రాసిన ఆయన రెడ్డి రాజ్యాల చరిత్ర 1948లో అచ్చయింది. అందులో యుద్ధాలు, వంశవృక్షాలు ఉన్నాయి. వాటితో పాటు వర్తకం, ఓడలు, సుంకాలు, దిగుమతి సరుకులు కూడా ఉన్నాయి. శాసనం మొదట్లో రాజుగారి బిరుదావళి చదివి, దానం ఎవరికిచ్చారో చూసి పక్కన పెట్టేవాళ్లు ఎక్కువ. శర్మ గారు చివర్లో ఉండే సుంకాల పట్టిక దాకా వెళ్లేవారు. ఎవరు ఎవరికి ఏ మాట ఇచ్చారు, ఎందుకిచ్చారు అని అడిగేవారు. ఈ రోజు నేను మాట్లాడబోయేది అలాంటి ఒక పట్టిక గురించి, దాని పైన చెక్కిన ఒక మాట గురించి.

ప్రయాణాలు మనుషుల్ని దగ్గర చేస్తాయని అంటూ ఉంటాం. నాకు ఆ మాట మీద నమ్మకం ఉంది, కానీ ఒక షరతుతో. దండయాత్రకు వెళ్లినవాడూ ప్రయాణికుడే, బానిసల్ని ఓడకెక్కించినవాడూ ప్రయాణికుడే. కాబట్టి మానవజాతి ఒకటవుతుందన్న ఆశకు ఆధారం వెతికేటప్పుడు నేను ఓడ దిగినవాడి కంటే ముందు ఒడ్డున నిలబడ్డవాడి వైపు చూస్తాను. ముక్కూ మొహం తెలియని మనిషి తన తీరానికి కొట్టుకొచ్చినప్పుడు అతను ఏం చేశాడు? చేసిన మేలును ఆ పూటతో వదిలేశాడా, పదిమందీ అడగగలిగే కట్టుబాటుగా మార్చాడా? చరిత్రలో ఈ ప్రశ్నకు దొరికే జవాబులే నాకు ధైర్యం ఇస్తున్నాయి.

1

బాపట్ల జిల్లా చినగంజాం మండలంలో సముద్రం పక్కన మోటుపల్లి ఉంది. ఈ రోజు అది చిన్న ఊరు. కాకతీయుల కాలంలో పేరున్న రేవు. అక్కడి వీరభద్రస్వామి గుడిలో గణపతిదేవ చక్రవర్తి వేయించిన స్తంభ శాసనం ఉంది. శక సంవత్సరం 1166, అంటే 1244 నాటిది.

మన తూర్పు తీరంలో తుపాను అంటే ఏమిటో ఈ సభలో ఎవరికీ చెప్పనక్కర్లేదు. ఆశ్వయుజ, కార్తీక మాసాల్లో బంగాళాఖాతంలో చిక్కుకున్న ఓడ ముక్కలై తీరానికి కొట్టుకొస్తుంది. అందులోని సరుకు ఎవరిది? ఆనాటి ఆచారం ప్రకారం రాజుది. పాత రాజులు అలా కొట్టుకొచ్చిన బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు అన్నిటినీ బలవంతంగా తీసుకునేవారని శాసనమే చెబుతోంది. దిక్కుతోచని మనిషి దగ్గర మిగిలిన ఆఖరి వస్తువు కూడా అలా పోయేదన్నమాట.

గణపతిదేవుడు ఆ ఆచారాన్ని రద్దు చేశాడు. ప్రాణానికి తెగించి సముద్రం మీద బతికేవాళ్లు వీళ్లు, వీళ్ల దగ్గర ముందుగా నిర్ణయించిన సుంకం తప్ప మరేమీ తీసుకోము అని ప్రకటించాడు. దయ వల్ల, కీర్తి కోసం, ధర్మం కోసం ఈ పని చేస్తున్నానని కారణం కూడా చెప్పాడు. ఎగుమతి దిగుమతులకు ముప్పయ్యింట ఒక వంతు సుంకం. చందనం, కర్పూరం, పన్నీరు, దంతం, పగడం, మిరియాలు, పట్టు, వక్కలు వంటి సరుకులకు విడివిడిగా సుంకాల రేట్లు. ఈ అభయం ఫలానా దేశం వాళ్లకు, ఫలానా మతం వాళ్లకు అని లేదు. ద్వీపాంతరాల నుంచి, దేశాంతరాల నుంచి, పట్టణాల నుంచి వచ్చే వర్తకులందరికీ ఇచ్చిన మాట అది.

ఇందులో రాజుకు లాభం లేదా అని మీరు అడగాలి. తప్పకుండా ఉంది. తీరాంధ్రం అంతకు కొన్ని దశాబ్దాల ముందే కాకతీయుల చేతికి వచ్చింది. సైన్యానికి గుర్రాలు కావాలి, ఖజానాకు సుంకాలు కావాలి, ఓడలు పక్క రేవులకు పోకుండా తన రేవుకు రావాలి. దోచుకునే తీరానికి ఏ నావికుడూ రెండోసారి రాడు. దయా లాభమూ ఒకే వాక్యంలో కలిసి ఉండటం వల్ల ఈ శాసనం విలువ తగ్గిందని నేను అనుకోను. ఒట్టి దయ మీద నిలబడ్డ మాట రాజు మనసు మారితే పోతుంది. ఇరుపక్కలకూ మేలు చేసే మాట కాస్త ఎక్కువ కాలం నిలుస్తుంది.

ఇంకో సంగతి గమనించండి. సుంకం రేటును రాతి మీద, గుడిలో, అందరి కళ్లముందు చెక్కించడమంటే రాజు తన చేతుల్ని తానే కట్టేసుకోవడం. రేపు రేవు అధికారి ముప్పయ్యింట రెండు అడిగితే పరదేశి వర్తకుడు అతన్ని ఆ స్తంభం దగ్గరికి తీసుకెళ్లవచ్చు. తనకు తెలుగు రాకపోతే చదివి చెప్పేవాణ్ని వెంట తెచ్చుకోవచ్చు. బలవంతుడు బలహీనుడికి తనను అదుపుచేసే సాధనాన్ని ఇచ్చాడు. ప్రగతి అంటే ఏమిటి అని నన్నెవరైనా అడిగితే ముందుగా చూపించేది ఈ స్తంభాన్నే.

తర్వాత సుమారు యాభై ఏళ్లకు మార్కో పోలో ఈ తీరం గురించి రాశాడు. అతని పుస్తకంలో మోటుపల్లి 'ముత్ఫిలి' అయింది. సాలెగూడంత సన్నని బట్టలు, వజ్రాలు, న్యాయంగా పాలించే రాణి అందులో ఉన్నారు. వజ్రాల లోయలో గద్దలు మాంసం ముక్కల్ని ఎత్తుకొస్తాయన్న కట్టుకథ కూడా ఉంది. రాణి చనిపోయిన రాజుకు భార్య అని రాశాడు. నిజానికి ఆ రాణి రుద్రమదేవి గణపతిదేవుడి కూతురని మనకు తెలుసు. ఆమె 1289 నవంబరులో మరణించిందని నల్గొండ జిల్లా చందుపట్ల శాసనం వల్ల తేలింది. బాటసారి విన్నది విన్నట్టు రాస్తాడు, శాసనం దాన్ని సరిదిద్దుతుంది. ఎక్కడో వెనిస్‌లో పుట్టిన మనిషి ఓరుగల్లు రాణి న్యాయబుద్ధిని మెచ్చుకుంటూ రాశాడంటే, ఆ రేవులో అతనికి ఆ సంగతి చెప్పినవాళ్లు ఉన్నారన్నమాట. పరాయివాడితో కూర్చుని తమ పాలకుల గురించి నిర్భయంగా మాట్లాడగలిగిన ఊరు అది.

2

మోటుపల్లి మన ఘనత అని ఇక్కడితో ఆగిపోతే శర్మ గారి పేరు మీద మాట్లాడే అర్హత నాకు ఉండదు. ఇదే చిక్కును ప్రపంచంలో మిగతావాళ్లు ఎలా విప్పుకున్నారో కూడా చూడాలి.

1179లో రోమ్‌లో జరిగిన లాటరన్ మహాసభ, ఓడ పగిలిన క్రైస్తవుల సొత్తును దోచుకునేవాళ్లను వెలివేయాలని తీర్మానించింది. ఇంగ్లండులో ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడ రాజుదే. 1275 నాటి వెస్ట్‌మినిస్టర్ చట్టం దానికి ఒక హద్దు పెట్టింది. ఓడలోంచి మనిషి గానీ, కుక్క గానీ, పిల్లి గానీ ప్రాణాలతో బయటపడితే దాన్ని దిక్కులేని ఓడగా లెక్కించకూడదు. సొంతదారు ఏడాది మీద ఒక రోజు లోపల వచ్చి అడిగితే సరుకు తిరిగి ఇవ్వాలి. పిల్లి ప్రాణం మీద ఆధారపడ్డ ఆస్తిహక్కు మనకు ఇప్పుడు వింతగా తోచవచ్చు. ఆనాటి సముద్రతీరంలో అది పెద్ద అడుగు.

సంవత్సరాలు చూడండి: 1179, 1244, 1275. వంద ఏళ్ల లోపల మూడు చోట్ల. వెస్ట్‌మినిస్టర్‌లో చట్టం రాసినవాళ్లకు మోటుపల్లి అనే ఊరుందని తెలియదు. గణపతిదేవుడి మంత్రులకు లాటరన్ సభ సంగతి తెలియదు. మోటుపల్లి, యూరప్ ఒకరి దగ్గర ఒకరు నేర్చుకోలేదు. ఓడల రాకపోకలు పెరిగాయి, తుపానులు అన్ని తీరాలకూ ఒకటే, కొట్టుకొచ్చినవాడి బాధ అన్ని భాషల్లోనూ ఒకటే. వేరువేరు దారుల్లో నడిచిన మనుషులు ఒకే తీర్పు దగ్గరికి చేరారు. మానవజాతి ఒకటి అని చెప్పడానికి దీనికంటే గట్టి సాక్ష్యం నాకు తెలియదు. అరువు తెచ్చుకున్న ఆలోచన అయితే సంపర్కం వల్ల వచ్చిందని సరిపెట్టుకోవచ్చు. ఎవరికి వారు కనుక్కున్నారంటే అది మన అందరిలోనూ ఉన్న గుణం.

తేడాలూ ఉన్నాయి. లాటరన్ సభ క్రైస్తవుల సంగతే చెప్పింది. మోటుపల్లి శాసనం మతం ఊసెత్తలేదు. అయితే అది సొత్తు గురించి చెప్పింది గానీ మునిగిపోతున్న మనిషిని కాపాడి తీరాలని చెప్పలేదు. ఆ బాధ్యత ప్రపంచ దేశాల ఒప్పందంగా మారడానికి 1910 దాకా పట్టింది. ఆ ఏడాది బ్రస్సెల్స్‌లో కుదిరిన ఒప్పందం ప్రకారం, తన ఓడకు పెద్ద ప్రమాదం లేనంత వరకు, సముద్రంలో ప్రాణాపాయంలో ఉన్న ఎవరినైనా ఓడ కెప్టెన్ కాపాడాలి. శత్రువైనా సరే. రెండేళ్లకే టైటానిక్ మునిగి పదిహేను వందల మందికి పైగా చనిపోయారు. 1914 జనవరిలో లండన్‌లో సముద్ర ప్రాణరక్షణ ఒప్పందం తయారైంది. సరిపడా ప్రాణరక్షక పడవలు, రేడియో మీద రాత్రింబగళ్లు కాపలా. ఇప్పుడు ప్రపంచంలో ఏ పెద్ద ఓడ ఎక్కినా ఈ నియమాల వారసత్వం మన నెత్తి మీద గొడుగై ఉంటుంది.

3

ఇక నాకు కష్టంగా ఉన్న భాగం.

గోదావరి మొగదల ఉన్న కోరంగి రేవు నుంచి, విశాఖపట్నం నుంచి, పంతొమ్మిదో శతాబ్దంలో మనవాళ్లు లెక్కలేనంతమంది సముద్రం దాటారు. మారిషస్‌కు, నాటాల్‌కు ఒప్పంద కూలీలుగా పోయారు. రంగూన్‌కు రేవు కూలీలుగా పోయారు. మారిషస్‌లోనూ బర్మాలోనూ తెలుగువాళ్లను కోరంగీలు అని పిలిచేవారు. వీళ్ల ప్రయాణాలు ప్రపంచాన్ని ఒకటి చేశాయా?

1930 మే నెలలో రంగూన్‌లో జరిగింది గుర్తు చేసుకుందాం. రేవులో పనిచేసే తెలుగు కూలీలు కూలి పెంచమని సమ్మె కట్టారు. యజమానులు వాళ్ల స్థానంలో బర్మా కూలీలను తెచ్చారు. సమ్మె పరిష్కారమై పాతవాళ్లు పనిలోకి రాగానే బర్మావాళ్లను పొమ్మన్నారు. ఆ రోజు మొదలైన కొట్లాట ఊరంతా పాకింది. చనిపోయినవాళ్లు వందమందికి పైగా, ఎక్కువమంది మనవాళ్లే. అటూ ఇటూ చచ్చినవాళ్లలో చాలామంది బస్తాలు మోసుకు బతికేవాళ్లు. పన్నెండేళ్లకు, 1942లో జపాన్ సైన్యం వచ్చినప్పుడు లక్షల మంది భారతీయులు బర్మా విడిచి కాలినడకన బయల్దేరారు. కొండదారుల్లో ఆకలితో, మలేరియాతో, కలరాతో వేలమంది రాలిపోయారు. ఉత్తరాంధ్ర, గోదావరి జిల్లాల్లో రంగూన్ నుంచి నడిచి వచ్చిన తాతల కథలు వినే పెరిగిన కుటుంబాలు ఇప్పటికీ ఉన్నాయి. ఈ సభలోనే ఉండవచ్చు.

రేవులో రెండు జాతుల మనుషులు పక్కపక్కన నిలబడితే చాలదని రంగూన్ చెబుతోంది. వాళ్లిద్దరి మధ్యా న్యాయమైన కట్టుబాటు ఒకటి ఉండాలి. రంగూన్ రేవులో ఒకరి కడుపు కొట్టి మరొకరికి పెట్టే ఏర్పాటు ఉంది, ఇద్దరికీ చెల్లే మాట ఇచ్చినవాడు లేడు. మోటుపల్లి స్తంభం వంటిది అక్కడ ఒక్కటి కూడా లేకపోయింది.

దీనికి ఎదురుగా మరో సాక్ష్యం పెడతాను. మూడో శతాబ్దం, నాగార్జునకొండ. ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి కాలం. బోధిసిరి అనే ఉపాసిక అక్కడ ఒక చైత్యగృహం కట్టించి శాసనం వేయించింది. ఎవరి కోసం? తామ్రపర్ణి, అంటే సింహళం నుంచి వచ్చిన బౌద్ధాచార్యుల కోసం. వాళ్లు ధర్మప్రచారం చేసిన దేశాల జాబితా కూడా ఆ రాతి మీద ఉంది. కాశ్మీరం, గాంధారం, చీనా, తోసలి, వంగ, వనవాసి, యవన, ద్రవిడ దేశాలు అందులో వస్తాయి. ఈమె రాణి కాదు, ఒక గృహస్థురాలు. కృష్ణ ఒడ్డున కూర్చుని, తాను చూడని దేశాల పేర్లను గౌరవంగా రాతి మీద చెక్కించింది. తన ఊరికి వచ్చిన పరదేశులకు ప్రార్థన చేసుకునే చోటు కట్టించింది. అనుమతి ఇచ్చి ఊరుకోలేదు, ప్రార్థనామందిరం కట్టి ఇచ్చింది. నాగార్జునసాగర్ నీళ్లు ఆ లోయను ముంచకముందే తవ్వి తీసినవాళ్ల పుణ్యాన బోధిసిరి మనకు దక్కింది. విద్యార్థులారా, మీ పుస్తకాల్లో ఆమె పేరు లేకపోతే మార్జిన్‌లో మీరే రాసుకోండి.

4

ప్రగతి మీద నమ్మకం ఉన్నవాళ్లను చూసి కొందరు నవ్వుతారు. ఒక మంచి జరిగాక అది పోలేదా, మళ్లీ చీకటి రాలేదా అంటారు. వచ్చింది. 1323లో ఓరుగల్లు పడిపోయింది. కాకతీయ రాజ్యంతో పాటు మోటుపల్లికిచ్చిన అభయానికీ పూచీ పడేవాళ్లు లేకపోయారు. అప్పుడు జరిగిన పోరాటాల్ని, ముసునూరి నాయకుల పాత్రను 1945లో అచ్చయిన పుస్తకంలో వెలికి తీసింది శర్మ గారే.

1323 తర్వాత ముప్పై అయిదేళ్లు గడిచాయి. శక సంవత్సరం 1280, అంటే 1358లో కొండవీటి అనపోత రెడ్డి అదే మోటుపల్లిలో మరో శాసనం వేయించాడు. ఇక్కడ కాపురం ఉండటానికి వచ్చే వర్తకులకు భూములిస్తాము. వెళ్లిపోవాలనుకుంటే ఆపము. తెచ్చిన సరుకు ఎవరికి కావాలంటే వాళ్లకు అమ్ముకోవచ్చు. కొడుకులు లేకుండా చనిపోయినవాడి ఆస్తిని రాజు తీసుకునే పద్ధతి ఇక ఉండదు. గణపతిదేవుడి మాట కంటే ఇది మరో మెట్టు పైన ఉంది. మొదటిది తుపానుకు చిక్కినవాడి సంగతి చూసింది. రెండోది ఇక్కడే బతకాలనుకున్నవాడి సంగతీ, ఇక్కడే చచ్చిపోయినవాడి వారసుల సంగతీ చూసింది.

అనపోత రెడ్డి ఎక్కడి నుంచి మొదలుపెట్టాడు? సున్న నుంచి కాదు. ఆ ఊళ్లో నూట పద్నాలుగేళ్ల నాటి రాయి నిలిచే ఉంది. రాజ్యం పోయినా, రాజవంశం పోయినా, ఇలాంటి మాట ఒకప్పుడు ఇచ్చారు, అది చెల్లింది అన్న సంగతి రాతిలో మిగిలింది. చరిత్ర వల్ల మనకు కలిగే లాభం ఇదేనని నా అభిప్రాయం. తెగిపోయిన చోటు ఎక్కడో చూపిస్తుంది కాబట్టి అక్కడ ముడి వేసుకోవచ్చు.

ఆ ముడి ఫలితం శ్రీనాథుడి హరవిలాసంలో కనిపిస్తుంది. ఆ కావ్యాన్ని అంకితం తీసుకున్నది రాజు కాదు, అవచి తిప్పయ్య సెట్టి అనే వర్తకుడు. ఆయన ఇంటివాళ్లు సింహళం నుంచి ఏనుగుల్ని, హురుముంజి నుంచి గుర్రాల్ని, చీనా నుంచి పట్టుబట్టల్ని, పంజారం నుంచి కర్పూరాన్ని తెప్పించేవారని కవి చెప్పాడు. ఈ పంజారం సుమత్రా దీవిలోని కర్పూరపు రేవు అని చరిత్రకారులు గుర్తించారు. సుమత్రా పేరు గుర్తుంచుకోండి, ఇంకో నిమిషంలో అక్కడికే వెళుతున్నాం.

యూరప్‌లోనూ ఇదే జరిగింది. ఇందాక చెప్పిన 1914 ఒప్పందం అయిన ఆరు నెలలకే మహాయుద్ధం మొదలైంది. ఓడల్లో మనుషుల్ని కాపాడుతామని సంతకాలు చేసిన దేశాలే ఒకరి ఓడల్ని ఒకరు ముంచుకున్నాయి. ఆ కాగితం చిత్తయిందని అప్పుడు ఎవరైనా అనుకుని ఉంటే తప్పుపట్టలేం. 1929లో మళ్లీ కూర్చున్నారు. రెండో యుద్ధం అయ్యాక 1948లో, ఆ తర్వాత 1960లో, 1974లో దాన్ని తిరగరాస్తూ పోయారు. ఇప్పటి నియమాలు 1974 నాటి ఒప్పందం మీద నిలబడి ఉన్నాయి. ప్రతిసారీ పాత కాగితం ముందు పెట్టుకునే కూర్చున్నారు.

5

2015 మే నెల. బర్మా నుంచి పారిపోయిన రోహింగ్యాలు, బంగ్లాదేశ్ నుంచి బతుకుతెరువుకు బయల్దేరిన వలసకూలీలు పడవల్లో అండమాన్ సముద్రం మీద చిక్కుకుపోయారు. దొంగరవాణా ముఠాలు వాళ్లను నడిసముద్రంలో వదిలేశాయి. తిండి లేదు, నీళ్లు లేవు. చుట్టుపక్కల ప్రభుత్వాలు ఒకదాని తర్వాత ఒకటి పడవల్ని తమ జలాల్లోంచి వెనక్కి నెట్టాయి. అప్పుడు సుమత్రా ఉత్తర కొసన ఉన్న ఆచే జాలరులు తమ పడవల్లో వెళ్లి వందలమందిని ఒడ్డుకు చేర్చారు. పైవాళ్లు వద్దన్నా వినలేదు. సముద్రంలో ఆపదలో ఉన్నవాణ్ని ఎవరైనా సరే కాపాడాలన్నది వాళ్ల సముద్ర కట్టుబాటు. దాన్ని చూసుకునే పెద్దను అక్కడ పాంగ్లిమా లావొత్ అంటారు. సుల్తానుల కాలం నుంచి నడుస్తున్న పదవి అది. బ్రస్సెల్స్ ఒప్పందం మీద సంతకాలు చేసిన ప్రభుత్వాల వారసులు మరిచిపోయిన మాటను ఆ జాలరులు నిలబెట్టారు. 2004 డిసెంబరు 26 సునామీలో వాళ్ల ఊళ్లు తుడిచిపెట్టుకుపోయినప్పుడు ప్రపంచమంతా వాళ్ల దగ్గరికి వచ్చింది. దానికి పదకొండేళ్లు నిండకముందే వాళ్లు చేసిన పని ఇది.

ఇక మన ఇంటి సంగతి. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల మత్స్యకారులు గుజరాత్‌లోని వేరావల్‌కు వలస వెళ్లి అక్కడి బోట్ల మీద పనిచేస్తారు. 2018 నవంబరులో అలా వేటకు వెళ్లినవాళ్లు పాకిస్తాన్ వాళ్లకు చిక్కారు. నీళ్ల మీద గీత కనబడదు కదా. ఇరవై మంది ఆంధ్ర మత్స్యకారులు 2020 జనవరిలో వాఘా దగ్గర సరిహద్దు దాటి ఇంటికి వచ్చారు. పదమూడు నెలలకు పైగా ఆ ఇళ్లల్లో పొయ్యి ఎలా వెలిగిందో ఆడవాళ్లను అడిగితే తెలుస్తుంది. ఇలాంటి మనుషులు అటువైపూ ఉన్నారు. సింధు తీరం జాలరులు మన జైళ్లలో ఉన్నారు. వాళ్ల ఇళ్లల్లోనూ ఎదురుచూసే ఆడవాళ్లు ఉన్నారు.

భారత్, పాకిస్తాన్ 2008లో ఒక చిన్న ఒప్పందం చేసుకున్నాయి. దాని ప్రకారం ప్రతి ఏడాది జనవరి 1న, జూలై 1న తమ జైళ్లలో ఉన్న అవతలి దేశపు పౌరుల, మత్స్యకారుల జాబితాల్ని ఇచ్చిపుచ్చుకోవాలి. ఆ తర్వాత రెండు దేశాల మధ్య ఏమేం జరిగిందో మీకు తెలుసు. రాయబారుల్ని వెనక్కి పిలిచారు, రాకపోకలు ఆగాయి, తుపాకులు పేలాయి. జాబితాలు మాత్రం ఇస్తూనే ఉన్నారు. జాబితాలో పేరు ఉంటే మనిషి బతికున్నాడని ఇంటికి తెలుస్తుంది, విడిపించమని అడగడానికి ఆధారం దొరుకుతుంది. ఎంత కోపంలోనైనా ఈ ఒక్క పని ఆపకూడదని రెండు ప్రభుత్వాలకూ తోచిందంటే, ఒడ్డున నిలబడ్డవాడి మాట ఇప్పటికీ పూర్తిగా చచ్చిపోలేదు.

నా కోరిక ఒక్కటే. ఆ రెండు తేదీల్లో జాబితాల వార్త పత్రికల్లో ఎక్కడో లోపలి పేజీలో చిన్నగా వస్తుంది. వచ్చేసారి దాన్ని వెతికి చదవండి. అటు జైళ్లలో మన మత్స్యకారులు ఎందరున్నారో, ఇటు జైళ్లలో వాళ్ల మత్స్యకారులు ఎందరున్నారో, రెండు అంకెలూ రాసుకోండి. శిక్ష పూర్తయినవాళ్లను రెండు వైపులా వెంటనే వదలమని మీ పార్లమెంటు సభ్యుడికి ఒక ఉత్తరం రాయండి. శ్రీకాకుళం వాడి కోసం రాస్తున్నప్పుడు సింధు జాలరి పేరు కూడా అందులో చేర్చండి.